పరుగు కథలో పెట్టె తాళం ఎవరి చేతిలో ఉండాలి?

వడ్డేపల్లి_కట్ట

అందరికీ నమస్తే. ఇరవై ఐదు నిమిషాల చిన్న సినిమాకు స్క్రిప్టు రాస్తున్న, ఒక దగ్గర ఆగిపోయింది. కథ ఇది. వరంగల్ జిల్లా పర్వతగిరి దిక్కు ఒక ఊరు. పదిహేనేండ్ల పిల్ల 400 మీటర్లు ఉరుకుతది. నాయన రెండెకరాలు కౌలుకు పట్టి పత్తి ఏస్తడు. అమ్మ మహిళా సంఘం లీడరు. అక్క ఇంటర్ రెండో ఏడు. హన్మకొండ జేఎన్‌ఎస్, అంటే జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంల రాష్ట్ర స్థాయి పోటీలున్నయి. స్పైక్స్ (పిన్నులుండే పరుగు బూట్లు), రానుపోను ఖర్చులు, తిండి కలిపి నాలుగు వేలు కావాలె. ఇంట్ల లేవు.

మూడు దారులు రాసుకున్న. ఒకటి, బర్రెను అమ్ముడు. రెండు, అక్క చదువు బంద్ చేసుడు. మూడు, పిల్ల పుట్టిన తేదీని రెండేండ్లు తగ్గించి చిన్న గ్రూపుల ఉరికించుడు. ఏది నిజమనిపిస్తది? చివరికి పిల్ల గెలవాల్నా, వద్దా? ఇప్పటిదాక రాసిన సీన్లు జత చేసిన, తప్పులుంటే మొహమాటం లేకుంట చెప్పుండ్రి.

రీలు_పెట్టె

గెలుపు సంగతి ఆఖర్న చూద్దాం అన్నా. ఈ మూడు దారుల్లో దేనివల్ల ఎవరికి నష్టం, ఆ నష్టపోయే మనిషి మనకు తెర మీద కనిపిస్తున్నాడా అన్నది ముందు తేల్చుకోవాలి. మన క్రీడా సినిమాలు ఎక్కువగా జారిపోయేది అక్కడే. పేద నాయిక ఎదురుగా డబ్బున్న ప్రత్యర్థిని నిలబెడతారు. ఇక ఆ కుటుంబం ఏ అడ్డదారి తొక్కినా మనకు నొప్పి ఉండదు, ఎందుకంటే పోయేది దుర్మార్గుడి సొమ్ము.

'జెర్సీ' (2019) ఇంకో దారిలో పోయింది. కొడుకు అడిగింది 500 రూపాయల జెర్సీ. తండ్రి చెయ్యి పెట్టింది భార్య పర్సులో. ఆ ఇల్లు నడుస్తున్నదే ఆమె జీతంతో. అందుకే ఆ కొద్దిపాటి డబ్బు స్టేడియంలో కొట్టిన పరుగులన్నిటికంటే బరువుగా అనిపిస్తుంది.

'గురు' (2017)లో అక్కకు బాక్సింగ్ అంటే పోలీసు ఉద్యోగానికి స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్టు. చెల్లికి గుర్తింపు రాగానే అక్క చెల్లి చేతినే గాయపరుస్తుంది. ఒక ఇంట్లో ఒకే అవకాశం ఉంటే ఇద్దరు పిల్లల మధ్య ఏం పుడుతుందో చూపించిన సీను అది. నా మాట, అక్క చదువు దారిని అంత తేలిగ్గా కొట్టేయకండి.

ఇరాన్ సినిమా 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' (1997) చూడకపోతే రాయడం ఆపి ముందు అది చూడండి. చెల్లి బూట్లు పోగొట్టిన పిల్లవాడు పరుగు పందెంలో చేరతాడు. బూట్ల జత మూడో బహుమతి. కాబట్టి అతనికి కావలసింది మూడో స్థానం. తీరా మొదటివాడిగా వస్తాడు. గెలిచి ఏడుస్తాడు. గెలవాలా వద్దా అనే ప్రశ్నకు అంతకంటే మంచి జవాబు నేను చూడలేదు.

రెండో_వంపు

పుట్టిన తేదీ మార్చే దారి గురించి.

మొదటి చిక్కు సాంకేతికం. జాతీయ అంతర్ జిల్లా జూనియర్ మీట్ పద్ధతిలో అండర్-14 పిల్లలకు 400 మీటర్ల పందెం ఉండదు, ట్రయాథ్లాన్ లాంటివి ఉంటాయి. పదిహేనేళ్ల పిల్లను పదమూడు చేస్తే ఆమె పందెమే మాయమవుతుంది. ఈ దారి ఉంచుకోవాలంటే పిల్ల అసలు వయసు పెంచండి, కాగితం మీది వయసు గ్రూపుకు 400 ఉందో లేదో ముందు చూసుకోండి.

రెండోది, పట్టుబడటం. 2010 నుంచి వయసు మోసానికి వ్యతిరేకంగా జాతీయ నియమావళి ఉంది. అనుమానం వస్తే ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీస్తారు. టీడబ్ల్యూ3 అనే పద్ధతిలో రేడియస్, అల్నా, వేళ్ల చిన్న ఎముకల చివర్లు ఎంతవరకు అతుక్కున్నాయో చూసి ఎముక వయసు లెక్కగడతారు. సినిమాల్లో చూపించినట్టు కాగితం చింపి పారేస్తే పోయేది కాదు. పైగా ఆ పద్ధతికీ అటూ ఇటూ తేడా ఉంటుంది, తొందరగా ఎదిగిన నిజాయితీగల పిల్ల కూడా అనుమానంలో పడవచ్చు. మీ కథకు పనికొచ్చే భయం అది.

మూడోది రీలు_పెట్టె గారు అన్నదే. ఫైనల్లో ఎనిమిది లేన్లు. తప్పుడు తేదీతో ఒకరు లోపలికొస్తే తొమ్మిదో అమ్మాయి బయట ఉంటుంది. ఆమె కూడా ఏ మహబూబాబాద్ తండా నుంచో, ఏ భూపాలపల్లి దిక్కు నుంచో వచ్చిన పిల్లే. ఈ ఆటలో పక్క లేనులో కోటీశ్వరుడి కూతురు ఉండదు. ఆ తొమ్మిదో అమ్మాయికి ఒక్క షాట్ ఇవ్వండి, గ్యాలరీలో కూర్చొని బూట్ల లేసులు విప్పుకుంటూ.

ఎనుమాముల_గేటు

నాయన లెక్కలు కొంచెం సరిజేయాలె తమ్మీ.

పత్తి ఎకరానికి రెండు ప్యాకెట్ల గింజలు. రెండెకరాలకు నాలుగు. 2025 వానకాలంల ప్యాకెట్ ధర 901 రూపాయలు, అంటే 3,604. నువ్వు బూట్లకు, తొవ్వ ఖర్చుకు రాసుకున్నది నాలుగు వేలు. రెండు లెక్కలు దాదాపు ఒక్కటే! కథ ఇక్కడున్నది. బర్రె దాక పోవుడెందుకు?

గింజ ఏయాల్నంటే 60-75 మిల్లీమీటర్ల వాన పడి నేల మంచిగ తడవాలె. కౌలుదారుకు ఓపిక ఉండదు, మిరుగు పోతదని మొదటి జల్లుకే పొడి దుక్కిల ఏస్తడు. తర్వాత పది పన్నెండు రోజులు వాన మొఖం చాటేస్తే మొలక మాడిపోతది. మళ్ల నాలుగు ప్యాకెట్లు కొనాలె. పోటీని జులై మొదట్ల పెట్టు. ఇంట్ల మిగిలిన నాలుగు వేలు రెండోసారి గింజలకా, పిల్ల బూట్లకా? గీ ప్రశ్నకు ఏ విలనూ అక్కర్లేదు.

"అప్పు తెస్తే అయిపోతది కదా" అని చూసేటోళ్లు అడుగుతరు. దానికి జవాబు స్క్రిప్టులనే ఉండాలె. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నాలుగు వేలకు నెలకు 120. పత్తి చేతికొచ్చేదాక అయిదు నెలలు, 600. గీ 600 పెద్ద భారం గాదు. భారం వేరే ఉన్నది. ఎరువుల దుకాణంల ఉద్దెర పెట్టిన మనిషికి మళ్ల అప్పియ్యాల్నంటే సేటు అడిగేది పంట. "పత్తి నా కాంటకే రావాలె" అంటడు. అప్పుడు మద్దతు ధర ఎంతున్నా నాయనకు అందదు. రైతు భరోసా పైసలు పడేది పట్టాదారు ఖాతాల, కౌలుదారు ఖాతాల గాదు. ఈ ముక్క ఒక్క డైలాగుల చెప్పియ్యి, మళ్లమళ్ల వద్దు.

బర్రె సంగతి కూడా చెప్త. పాలిచ్చే బర్రెను అమ్మితే ధర వస్తది గాని పిల్ల తాగే పాలు అదే రోజు బంద్. వట్టిపోయిన బర్రెకు ధర రాదు. సూడి బర్రెకు ఈనే ముందు మంచి ధర పలుకుతది. నువ్వు రాసిన సీన్ల ఏ బర్రెనో తెల్వకుంట "బర్రెను అమ్మేసిన్రు" అని ఉన్నది. పల్లెటూరోళ్లు చూస్తే అక్కడనే సినిమా మీద నమ్మకం పోతది.

సంఘం_పుస్తకం

అందరూ నాయన చుట్టే తిరుగుతున్నరు. అమ్మ సంఘం లీడరు అని రాసి, ఆమెకు పనేం పెట్టలేదు అన్నా మీరు.

సంఘం లోను వ్యక్తి లోను గాదు. పది మంది కలిసి తీసుకుంటరు, పది మంది కలిసి కడ్తరు. ఒకామె కట్టకపోతే మిగిలిన తొమ్మిది మంది ఆ కిస్తీ భరించాలె. వడ్డీ లేని రుణం అంటరు గదా, ఆ వడ్డీ మాఫీ వచ్చేదే నెలనెలా టైముకు కట్టిన సంఘాలకు. ఒక్క నెల తప్పితే ఆ దెబ్బ అందరి మీద పడ్తది. బ్యాంకు ఖాతా ఇద్దరు లీడర్ల సంతకంతో నడుస్తది. మీటింగుల వసూలైన పైసలు తీర్మానాల పుస్తకంల రాసి, ఎవరి పాసుపుస్తకంల వాళ్లకు ఎక్కిస్తరు.

గిప్పుడు లెక్క చూడుండ్రి. పది మంది, మనిషికి 1,500, మొత్తం పదిహేను వేలు. సాయంత్రం మీటింగ్ అయింది, పొద్దున బ్యాంకుల కట్టాలె. ఆ ఒక్క రాత్రి పైసలు లీడరింట్ల రేకు పెట్టెల ఉన్నయి. అదే రాత్రి బిడ్డకు నాలుగు వేలు కావాలె. మీ కథ గిదే అనిపిస్తున్నది నాకు. ఆ పెట్టెల నుంచి తీస్తే నష్టపోయేది ఎవరు? పొరుగింటి ఒంటరి ఆడామె, కూలికి పోయి 1,500 పోగేసినామె.

రీలు_పెట్టె

సంఘం అక్కా, మీ లెక్క చదివాక మిగతా మూడు దారులు నాకు అక్కర్లేదు అనిపిస్తోంది. తల్లి పెట్టె తెరవాలి. నాలుగు వేలు తీయాలి.

సంఘం_పుస్తకం

నేను తీయాల్నని అనలేదు రీలు గారూ. నాకు అది నచ్చదు. పదేండ్లు లీడరుగ చేసిన మనిషి పొద్దుగూకేవరకు దొంగ అయితదా? ఆమె ముందుగాల అడుగుతది. మీటింగులనే, అందరి ముందట, "నా బిడ్డకు నాలుగు వేలు కావాలె, పొదుపుల నుంచి అంతర్గత అప్పు ఇయ్యుండ్రి" అని అడుగుతది. అది సంఘం పద్ధతి, తప్పు గాదు. తీర్మానం రాస్తరు, అందరు సంతకాలు పెడ్తరు. అసలు కష్టం గదే. అడిగితే లేదనే హక్కు తొమ్మిది మందికి ఉన్నది. అందులో ఒకామె తన కొడుకు పరీక్ష ఫీజుకు పోయిన నెల అడిగితే ఈ లీడరే "పొదుపు అయిపోయింది" అని చెప్పి ఉంటది. ఇప్పుడు ఏ మొఖంతోని అడుగుతది?

పేదోళ్లంటే దొంగతనం తప్ప ఇంకో దారి తెల్వదన్నట్టు సినిమాలు తీసుడు మంచిగ అనిపించదు.

రీలు_పెట్టె

మీ అభ్యంతరం న్యాయమే. అయినా ఒక మాట మీద నిలబడతాను: తల్లి తప్పు చేసే అవకాశం నిజంగా తెర మీద ఉండాలి. పెట్టె ఎదురుగా ఉండి, తాళం చేతిలో ఉండి, ఎవరూ చూడని ఒక నిమిషం ఉండాలి. ఆమె తీయకపోయినా సరే, తీయగలిగి తీయలేదని మనకు తెలియాలి. అది లేకపోతే ఆమె మంచితనం మనం రాసిచ్చిన మంచితనం అవుతుంది.

ల్యాబ్_కాజీపేట

పరుగు సీన్లలో పిల్ల "మనోబలం తగ్గి" ఆఖరి వంద మీటర్లలో వెనకబడుతుందని రాశారు. ఈ వయసు ఆడపిల్లల్లో ఆ మాటకు ముందు రక్తపరీక్ష చేయించాలి. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనత కింద లెక్క. అలాంటి పిల్ల మామూలు రోజు బాగానే కనిపిస్తుంది, వరుసగా సాధన చేస్తే మాత్రం కోలుకోదు. కోచ్ బద్ధకం అనుకుంటాడు, ఇంట్లోవాళ్లు భయం అనుకుంటారు.

బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం ఐరన్ మాత్ర చాలామంది పిల్లలు కడుపులో తిప్పుతుందని పారేస్తారు. అన్నం తిన్నాక వేసుకోవాలి, వెంటనే చాయ్ తాగకూడదు, చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. నిమ్మరసమో జామకాయో తోడుంటే మేలు. మాత్ర మొదలుపెట్టిన వారంలో వేగం రాదు, రెండు మూడు నెలలు కావాలి. కాబట్టి మాంటేజ్ పాటలో పిల్లను పది రోజుల్లో మార్చేయకండి.

తిండి లెక్క కూడా ఇస్తున్నా. 45 కిలోల పిల్ల ఇంత సాధన చేస్తే రోజుకు 55 నుంచి 75 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డులో ఆరు, పావు లీటరు పాలల్లో ఎనిమిది, గుప్పెడు పల్లీల్లో ఏడు. ఆ ఇంట్లో పొద్దున రెండు గుడ్లు ఉడికితే అవి ఎవరి కంచంలో పడతాయన్నది రోజూ జరిగే తీర్పు. అక్క ఏమీ మాట్లాడకుండా తన గుడ్డు జరపడం ఒక్కసారి చూపించి, రెండోసారి జరపకపోవడం చూపించండి. చాలు.

రెండో_వంపు

పరుగు తీసే విధానం గురించి. ఇక్కడ దాదాపు అన్ని సినిమాలూ తప్పుతాయి.

400 మొత్తం ఎవరి లేనులో వాళ్లు పరుగెత్తాలి. వంపుల వల్ల బయటి లేన్లకు దూరం పెరుగుతుంది కాబట్టి గీతలు ముందుకు జరుపుతారు. ఒకటో లేనుతో పోలిస్తే రెండో లేను 7.04 మీటర్లు, ఎనిమిదో లేను 53.03 మీటర్లు ముందు మొదలవుతుంది. మీ నాయికను ఎనిమిదో లేనులో పెడితే ఆమె పందెమంతా ఎవరినీ చూడలేదు, అందరూ వెనకే. భయం చెవులకు వినపడుతుంది, కళ్లకు కనపడదు. ఒకటో లేనులో పెడితే అందరూ ముందే ఉన్నట్టుంటుంది. కెమెరా ఎక్కడ పెట్టాలో దాన్ని బట్టి తేల్చుకోండి.

ఇంకోటి. చివర్లో నాయిక వేగం పెంచి నలుగుర్ని దాటడం సినిమాల అలవాటు. 400లో చివరి వంద మీటర్లలో ఎవరూ వేగం పెంచలేరు, అందరూ తగ్గుతారు. తక్కువ తగ్గినవాళ్లు గెలుస్తారు. 60 సెకన్ల పిల్ల మొదటి 200 మీటర్లు 28.5 నుంచి 29లో, రెండోది 31 దగ్గర పూర్తి చేస్తుంది. ఉత్సాహంతో మొదటి సగం 27లో లాగితే 300 దగ్గర కాళ్లు బిగుసుకుపోతాయి, మోకాళ్లు లేవవు, భుజాలు చెవుల దాకా వస్తాయి. ఆ పతనాన్ని నటితో చేయించాలంటే నిజంగానే 300 మీటర్లు పరుగెత్తించి అప్పుడు క్లోజప్ తీయండి. ఒక రోజులో రెండు టేకులకు మించి రావు, మధ్యలో కనీసం అరగంట ఇవ్వాలి.

బూట్ల విషయం. జేఎన్‌ఎస్‌ది సింథటిక్ ట్రాక్, 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు దాని మీదే జరిగాయి. అక్కడ 6 మిల్లీమీటర్ల పిన్నులు చాలు. ఊళ్లో మట్టి మీద సాధనకు పొడవు పిన్నులు బిగించి ఉంటారు, అవే వేసుకుని వస్తే గేటు దగ్గరే ఆపుతారు. పిన్నులు మరతో ఊడతాయి, చిన్న తాళంచెవి లాంటిది కావాలి. మీరు రాసిన సీనియర్ ఇచ్చిన పాత బూట్లు ఒక సైజు పెద్దవైతే ముందు దూది కుక్కుకుంటారు, తిన్నటి దారిలో నడిచిపోతుంది. వంపులో మాత్రం పాదం లోపల కుడివైపు జారి చిటికెన వేలు పక్కన బొబ్బ లేస్తుంది. రెండు జతల సాక్సులు వేసి, మడమ దగ్గరి ఆఖరి రంధ్రంలోంచి కూడా లేసు ఎక్కించి కడితే జారడం తగ్గుతుంది.

వడ్డేపల్లి_కట్ట

ఇంత వివరంగ చెప్తరనుకోలేదు. అందరికీ దండాలు. వయసు దారి తీసేస్తున్న, బర్రె కూడ. పోటీ జులై మొదటి వారం. ఒక సందేహం, ఊరు పర్వతగిరి దిక్కే ఉంచాల్నా?

రీలు_పెట్టె

నేనైతే మండలం మారుస్తాను. అదే మండలంలోని కల్లెడ నుంచి దీప్తి జివాంజి వచ్చింది. 2024 కోబె ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్నవారి) విభాగంలో 55.07 సెకన్లతో అప్పటి ప్రపంచ రికార్డు, అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో 55.82తో కాంస్యం. మీ కథ కల్పితం. కానీ అదే మండలం, అదే 400 అంటే ఇక్కడి ప్రేక్షకులు ఆమె ఇంటి మనుషులనే చూస్తారు. పెట్టె సీను ఆ తల్లికి అంటుకుంటుంది, అది అన్యాయం. నర్సంపేట దిక్కో, ములుగు దిక్కో జరపండి.

నిజ జీవితాన్ని పెట్టుకున్నా ఆటను మార్చక తప్పదని సినిమావాళ్లు అనుకుంటారు. 'దంగల్' (2016)లో కామన్వెల్త్ ఫైనల్ చివరి సెకన్ల దాకా లాగారు. 2010లో గీతా ఫోగట్ ఆ ఫైనల్‌ను 1-0, 7-0 తేడాతో ఏకపక్షంగా గెలిచింది. ఇంట్లో జరిగింది బలంగా రాసుకుంటే ఫైనల్‌ను అంతగా సాగదీయాల్సిన పని లేదు.

ఎనుమాముల_గేటు

ఖర్చు లెక్కల ఇంకో తప్పు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల టికెట్ లేదు. పిల్లకు జీరో టికెట్, ఆధార్ కార్డు చూపియ్యాలె. టికెట్ పైసలు నాయన పోతేనే. కాబట్టి ఆ ఇంట్ల పిల్ల ఎంట పోయేది అమ్మనే, నాయన గాదు. చేను కాడ రెండోసారి గింజ పెట్టే పని కూడ ఉంటది ఆయనకు.

సంఘం_పుస్తకం

గేటు అన్నా, మంచిగ గుర్తు చేసిన్రు. అమ్మ హన్మకొండకు పోతే పొద్దున బ్యాంకుల కిస్తీ కట్టేదెవరు? పెట్టె ఇంట్ల ఉంటది. తాళం పెద్దబిడ్డ చేతుల పెట్టి పోతది.

వడ్డేపల్లి_కట్ట

అక్క చేతుల! నేను చదువు బంద్ పెట్టిద్దామనుకున్న అక్క. ఆమె ఇంటర్ కాలేజీ ఫీజు కట్టలేదని మొదటి సీన్లనే ఉన్నది. పెట్టెల పదిహేను వేలు, ఇంట్ల ఒక్కతే.

అట్లైతే అమ్మ ముందురోజు మీటింగుల అడుగుతది, సంఘం అక్క చెప్పినట్టు. తొమ్మిది మందిల ఏడుగురు ఒప్పుకుంటరు, ఇద్దరు ఒప్పుకోరు. తీర్మానం కాదు. అమ్మ పెట్టె ముట్టకుంట పాత బూట్లతోని పిల్లను తీస్కపోతది. రీలు గారు అడిగిన ఆ ఒక్క నిమిషం అక్కకు వస్తది. తీస్తదా లేదా అన్నది ఇంకా రాయలే.

రీలు_పెట్టె

రాయండి. ఇద్దరు ఒప్పుకోలేదు కదా, వాళ్లలో ఒకరి ముఖం మనకు దగ్గరగా తెలిసి ఉండాలి, ఆమె కారణం కూడా న్యాయంగా ఉండాలి.

సంఘం_పుస్తకం

ఆమె కొడుకు ఫీజు కట్టలేక బడి మానిండని పెట్టుండ్రి. ఒప్పుకోకపోవుడు పగ గాదు, ఆమెకు ఎవ్వరూ ఇయ్యలేదు కాబట్టి.

రెండో_వంపు

పోటీ రోజు టైములు సరిచూసుకోండి. పెద్ద మీట్లలో 400 హీట్లు ఒక రోజు, ఫైనల్ మరో రోజు పెట్టడం ఉంది. మీ కథకు ఒకే రోజు మీట్ పెట్టుకోండి, పొద్దున తొమ్మిదిన్నరకు హీట్, సాయంత్రం నాలుగింటికి ఫైనల్. బ్యాంకు తెరిచేది ఈ మధ్యలోనే. అంటే ఇంటి నుంచి ఫోన్ రావలసింది ఒంటిగంట ప్రాంతంలో, హీట్ అయిపోయి పిల్ల కూర్చుని ఉన్నప్పుడు. హీట్ అవగానే పది నిమిషాలు నడవాలి, స్పైక్స్ విప్పి చెప్పుల్లోకి మారాలి, గుక్కగుక్కగా నీళ్లు, ఒక అరటిపండు, ఫైనల్‌కు మూడు గంటల ముందు కొంచెం పెరుగన్నం. తర్వాత నీడలో కాళ్లు ఎత్తి పెట్టుకుని పడుకోవాలి. ఆ పెరుగన్నం డబ్బా మూత తీస్తున్నప్పుడు తల్లి ఫోన్ మోగుతుంది. అవతల అక్క ఏం చెప్పిందో మనకు వినిపించకండి. తల్లి లేచి కొంచెం దూరం నడిచి మాట్లాడి వచ్చి, డబ్బా మూతలో అన్నం పెట్టి పిల్లకు ఇస్తుంది. ఆ షాట్ పిల్ల కూర్చున్న ఎత్తు నుంచి తీయండి.